ఇళ్లు శుభ్రం చేసే సర్వీసు పెడుతున్నారా? ఇంటివాళ్లతో ఏ షరతులు, పనివాళ్లతో ఏ షరతులు

ఒడిశాలోని బరంపురంలో గానీ రాయగడలో గానీ ఇళ్లు శుభ్రం చేసే సర్వీసు పెడదామనుకునేవాళ్లు మొదట అడిగేది రేటు గురించే. గంటకు ఎంత తీసుకోవాలి, పనివాళ్లకు ఎంత ఇవ్వాలి? ఈ రెండూ వేరువేరు ప్రశ్నలన్నట్టు అడుగుతారు. ఇంటివాళ్లకు మనం ఒప్పుకునే ప్రతి సౌకర్యానికీ ఎవరో ఒకరి జేబులోంచి డబ్బు పోతుంది. 'చివరి నిమిషంలో ఫోన్ చేసి వద్దన్నా పర్లేదు' అని ఇంటివాళ్లకు మాటిస్తే, ఆ పూట కూలీ ఎవరు ఇస్తారు? పనివాళ్లతో రాసుకున్న షరతుల కాగితంలో దానికి జవాబు లేకపోతే ఆ నష్టం పనామె నెత్తిన పడుతుంది. రెండు నెలలు ఓర్చుకుని ఆమె మానేస్తుంది. ఆమె మానేస్తే మీ దగ్గర అమ్మడానికి ఇంకేమీ ఉండదు.

అందుకే నా సలహా ఒకటే. పనివాళ్ల షరతులు ముందు తేల్చుకోండి. ఇంటివాళ్ల షరతులు వాటి మీద కట్టండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పక్కవాళ్ల రేటు కన్నా వంద తగ్గించి పాంప్లెట్ వేసేస్తారు, ఆ తర్వాత ఆ రేటులో ఎవరు వస్తారా అని మనుషుల్ని వెతుక్కుంటారు.

పనివాళ్లకు: నెల జీతమా, రోజు కూలీయా, ఇంటి లెక్కన వాటానా?

మన వైపు మూడు పద్ధతులూ నడుస్తున్నాయి.

ఇంటి లెక్కన వాటా అంటే, ఇంటివాళ్లు వెయ్యి ఇస్తే ఆరువందలో ఏడువందలో పనిచేసినవాళ్లకు, మిగతాది మనకు. పెట్టుబడి లేకుండా మొదలుపెట్టేవాళ్లకు ఇది తేలిగ్గా కనిపిస్తుంది. పని లేని రోజు మనం ఇచ్చేదేమీ ఉండదు. కానీ ఆ రోజు ఆమె ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. ఆమె వేరే పని చూసుకుంటుంది, మనకు బుకింగ్ వచ్చిన రోజున దొరకదు. పైగా పని ఎంత తొందరగా ముగిస్తే అంత లాభం కాబట్టి మూలల్లో దుమ్ము అలాగే మిగిలిపోతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే పెద్ద పనులకు, అంటే గృహప్రవేశం ముందు క్లీనింగ్, అద్దె ఇల్లు ఖాళీ చేశాక క్లీనింగ్ లాంటివాటికి ఈ పద్ధతి సరిపోతుంది. అక్కడ కూడా ఆమె పెట్టిన గంటలకు కనీస వేతనం తగ్గకుండా చూడాలి.

రోజు కూలీ మధ్యరకం. పని ఉన్న రోజు పిలుస్తాం, సాయంత్రం చేతిలో పెడతాం. మొదటి మూడు నాలుగు నెలలు, ఏ వారం ఎన్ని ఇళ్లు వస్తాయో తెలియనప్పుడు, ఇదే నయం. ఒక్క షరతు మాత్రం మర్చిపోకండి. పిలిచాక, ఆమె బయలుదేరాక పని రద్దయితే కనీసం సగం కూలీ ఇవ్వాలి. ఇచ్చాపురం నుంచో సోంపేట నుంచో పొద్దున్నే బండెక్కి బరంపురం స్టేషన్‌లో దిగిన మనిషికి 'ఈవేళ లేదమ్మా, రేపు రా' అని చెప్పి పంపించడం అన్యాయం.

నెల జీతం మీద పెట్టుకోవాలంటే ధైర్యం కావాలి. కానీ వారం వారం తప్పకుండా వెళ్లే ఇళ్లు పది పన్నెండు కుదిరితే ఒకరిద్దరినైనా నెల జీతంలోకి తీసుకోండి. ఇంటి తాళం చెవి ఇచ్చేటంత నమ్మకం ఇంటివాళ్లకు కలిగేది ప్రతిసారీ అదే మనిషి వచ్చినప్పుడే. నన్నడిగితే ఈ వ్యాపారానికి నిలకడ ఇచ్చేది నెల జీతమే. రోజు కూలీ దానికి దారి అనుకోండి. అక్కడే ఆగిపోవద్దు.

ఏ పద్ధతి ఎంచుకున్నా కొన్నిటిలో బేరం లేదు. ఒడిశాలో ఇంటిపని కనీస వేతనాల జాబితాలో ఉంది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కనీస వేతనాన్ని నైపుణ్యం అక్కర్లేని పనికి రోజుకు 450 రూపాయలు, కొంత నైపుణ్యం కావలసిన పనికి 500 రూపాయలు చేసింది. దాని మీద డీఏ (కరువు భత్యం) ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో కలుస్తూ ఉంటుంది. పనామె ఊరు ఆంధ్రాలో ఉన్నా, పని జరిగేది ఒడిశాలో కాబట్టి ఒడిశా రేటే లెక్క. పర్లాకిమిడిలో సర్వీసు పెట్టి పాతపట్నంలో ఇళ్లు ఒప్పుకుంటే అక్కడి పనికి ఆంధ్రా రేటు చూసుకోవాలి. రెండింటిలో ఏది ఎక్కువైతే అది రెండు వైపులా ఇచ్చేస్తే గొడవ ఉండదు.

2025 నవంబర్ 21 నుంచి వేతనాల కోడ్, అంటే జీతాల మీద కేంద్ర చట్టం, అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి. మనిషి మానేసినా, మనం తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చి డబ్బు చేతిలో పెట్టాలి. 'వచ్చే నెల చూద్దాంలే' అని చివరి జీతం ఆపడం మన ఊళ్లలో అలవాటుగా మారిపోయింది. అది మానుకోవాలి. అలాగే అడ్వాన్స్ ఇచ్చి, అది తీరేదాకా పని మానకూడదని రాయించుకోవడం 1976 నాటి వెట్టిచాకిరీ నిషేధ చట్టం కిందకు వస్తుంది. అడ్వాన్స్ ఇవ్వండి, పిల్లల ఫీజులకీ ఆసుపత్రికీ ఎవరికైనా అవసరం పడుతుంది. నెలకు కొంత చొప్పున కోసుకోండి. మనిషిని మాత్రం దానితో కట్టిపడేయకండి. ఆధార్ జిరాక్స్ తీసుకోండి, అసలు కార్డు మీ దగ్గర ఉంచుకోవద్దు.

రేటు ఎంత పడుతుందో ఒకసారి లెక్క వేద్దాం

రోజుకు 500 ఇస్తున్నాం, ఎనిమిది గంటలు పని, కాబట్టి గంటకు 63 పడుతుంది, ఇంటివాళ్ల దగ్గర 80 తీసుకుంటే లాభమే అనుకుంటారు. ఈ లెక్కతో మొదలుపెట్టినవాళ్లు ఆరు నెలలు దాటరు.

ఒక మనిషిని తీసుకోండి. రోజుకు 500 చొప్పున 26 రోజులకు 13,000. పండక్కి ఏడాదికి ఒక నెల జీతం ఇద్దామనుకుంటే, నెలకు పడేది 1,083. ఆటో, బస్సు ఖర్చు 1,200 అనుకోండి. గ్లౌజులు, మాప్ గుడ్డలు, లిక్విడ్లు 800. ప్రధానమంత్రి సురక్షా ప్రమాద బీమాకు ఏడాదికి 20, జీవన్ జ్యోతి జీవిత బీమాకు 436, రెండూ మనమే కడితే నెలకు సుమారు 40. అన్నీ కలిపితే 16,123.

ఇప్పుడు గంటలు. జీతంతో కూడిన సెలవులు, పండగలు పోగా నెలకు 24 రోజులు. ఆ ఎనిమిది గంటల్లో గాంధీనగర్ నుంచి అంబపువా వెళ్లడం, లిఫ్ట్ కోసం నిలబడడం, భోజనం, గుడ్డలు ఉతికి ఆరేయడం పోతే ఇంటివాళ్లు డబ్బిచ్చే గంటలు ఐదున్నర మిగులుతాయి. అంటే నెలకు 132 గంటలు. 16,123ని 132తో భాగిస్తే గంటకు 122. ఇది మన అసలు ఖర్చు మాత్రమే. ఫోన్లు, తిరుగుడు, మన కష్టం, బుకింగ్ లేని రోజుల కోసం అందులో పావు వంతు కలిపితే 155 దగ్గర తేలుతుంది.

మీ ఊళ్లో అంకెలు మారొచ్చు. పర్లాకిమిడిలో దూరాలు తక్కువ, ఆటో ఖర్చు తగ్గుతుంది. అయినా పద్ధతి ఇదే.

ఈ లెక్క చూశాక తేలే సంగతి ఇంకొకటుంది. రోజుకు గంట చొప్పున నెలంతా పంపితే 26 గంటలకు 4,030 రూపాయలు అడగాలి. వీధిలో నాలుగిళ్లు చేసుకునే పనామె నేరుగా కుదిరితే ఇంతకన్నా చాలా తక్కువకు వస్తుంది. ఆవిడకు దారి ఖర్చు లేదు, మనలాంటివాళ్లు మధ్యలో లేరు. కాబట్టి రోజూ గిన్నెలు తోమడం, ఊడ్చి తుడవడం లాంటి పాచిపనిలో ఆవిడతో పోటీకి దిగకండి. రేటు తగ్గించి దిగితే చివరికి కోతపడేది మీ పనివాళ్ల కూలీలోనే. వారానికి ఒకసారి మూడు గంటలు తీసుకోండి, నెలకు 1,860 అవుతుంది. ఇంటివాళ్లు ఇవ్వగలిగిన మొత్తం, మన లెక్కకూ సరిపోతుంది. ఫ్యాన్లు, కిటికీ ఊచలు, బాత్రూం టైల్స్, బూజులు, ఫ్రిజ్ లోపల లాంటివి రోజూ వచ్చే ఆవిడ చేయనివే కాబట్టి ఆవిడ పొట్టా కొట్టినట్టు కాదు.

ఇంటివాళ్లకు: గంట రేటా, పని రేటా, నెల ప్యాకేజీయా?

గంట రేటు మనకు భద్రం. ఎంతసేపు చేస్తే అంత డబ్బు. ఇంటివాళ్లకు మాత్రం టెన్షన్. గడియారం వంక చూస్తూ కూర్చుంటారు, పనివాళ్లు మంచినీళ్లు తాగినా టైమ్ పోతోందనుకుంటారు. కొత్తవాళ్ల దగ్గర గంట రేటుతో వెళ్తే కనీసం రెండు గంటలు అని ముందే చెప్పండి. అరగంట పనికి అటూ ఇటూ తిరగడం ఎవరికీ గిట్టదు.

పని రేటు, అంటే 'రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌కు ఇంత' అని ఒకే అంకె చెప్పడం, ఇంటివాళ్లకు బాగా నచ్చుతుంది. దెబ్బతినేదీ ఇక్కడే. ఫోన్‌లో అడిగితే అన్ని ఫ్లాట్లూ ఒకలాగే ఉంటాయి. లోపలికి వెళ్లాక వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్ చూడండి. పోపు ఆవిరి ఏళ్ల తరబడి పట్టి, రెక్కల మీద నూనె గోధుమరంగు జిగురైపోయి ఉంటుంది. దాన్ని విప్పాలి, వేడినీళ్లలో వాషింగ్ సోడా వేసి నానబెట్టాలి, చాకు మొనతో మెల్లగా గీకాలి, పాత టూత్ బ్రష్‌తో రెక్కల వెనక తోమాలి, ఆరబెట్టి మళ్లీ బిగించాలి. ఒక్క ఫ్యాన్‌కే ముప్పావుగంట పోతుంది. పక్కనే పొయ్యి వెనక టైల్స్ ఉన్నాయి. ఫోన్‌లో చెప్పిన రేటులో ఇదంతా ఎక్కడ ఉంది?

అందుకని పని రేటు ఒప్పుకుంటే రెండు షరతులు. ఒకటి, ఇల్లు చూశాకే అంకె చెప్పడం, లేకపోతే వాట్సాప్‌లో వంటగది, బాత్రూం వీడియో తెప్పించుకోవడం. రెండు, ఏమేం చేస్తామో, ఏం చేయమో రాసివ్వడం. 'చేయం' అన్న జాబితా ఎక్కువ ముఖ్యం. బాల్కనీ బయటికి వేలాడి అద్దాలు తుడవడం, కరెంటు బోర్డులు విప్పడం, ఎత్తు నిచ్చెన ఎక్కడం, సెప్టిక్ ట్యాంక్ జోలికి వెళ్లడం, ఇవి మా పనివాళ్లు చేయరని స్పష్టంగా ఉండాలి. సెప్టిక్ ట్యాంకులోకి రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. ఎవరు ఎంత బతిమాలినా ఒప్పుకోవద్దు.

నెల ప్యాకేజీ రెండు వైపులా సుఖం, ఎవరు పని చెప్పాలో తేలితే. మన జిల్లాల్లో ఇదొక ప్రత్యేకమైన చిక్కు. పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో, సూరత్‌లో ఉంటారు. తల్లిదండ్రులు ఇక్కడ ఒంటరిగా ఉంటారు. డబ్బు పంపేది కొడుకు, పని చెప్పేది అమ్మ. కొడుకుతో మనం ఒప్పుకున్నది హాలు, రెండు గదులు, బాత్రూములు. పనామె వెళ్లేసరికి పెద్దావిడ 'ఆ వెనక వరండా కూడా ఓ చెయ్యి వేసెయ్ తల్లీ, ఆ అటక మీదున్న గుండిగలు దింపి తోమెయ్' అంటుంది. కాదంటే 'మా అబ్బాయి అంత డబ్బు పోస్తుంటే' అని నొచ్చుకుంటుంది. పనామెకు అటూ ఇటూ మాట పడుతుంది.

ఇలాంటి ఇళ్లకు నేను చెప్పే పరిష్కారం ఇది. డబ్బు కట్టేవాళ్ల పేరు, ఇంట్లో పని చెప్పేవాళ్ల పేరు రెండూ కాగితంలో రాయండి. ప్రతి రాకలో చివరి ఇరవై నిమిషాలు 'అమ్మగారు చెప్పిన పని' అని వదిలేయండి. ఆ ఇరవై నిమిషాల్లో ఏది చెప్పినా చేస్తారు, మించితే తర్వాతి వారానికి. పెద్దవాళ్లకు తమ మాట చెల్లిందన్న తృప్తి ఉంటుంది, పనామెకు హద్దు తెలుస్తుంది. ఆ ఇరవై నిమిషాలను రేటులో కలుపుకోవడం మాత్రం మరవకండి.

రద్దులు, నాగాలు

ఇంటివాళ్లు రద్దు చేస్తే: ముందురోజు సాయంత్రం ఆరు లోపు చెబితే ఏమీ తీసుకోకండి. ఆ తర్వాత చెబితే సగం. తలుపు తాళం వేసి ఉంటే, పనివాళ్లు వచ్చి తిరిగి వెళ్తే, పూర్తి డబ్బు. కొందరు 'ఏ షరతూ లేదు, ఎప్పుడైనా రద్దు చేసుకోండి' అని పెడతారు, కొత్తవాళ్లను ఆకట్టుకోవడానికి. మొదటి బుకింగ్‌కు అలా పెట్టండి, ఫరవాలేదు, ఆ ఖర్చు మీరు భరించండి. నెలవారీ ఇళ్లకు వద్దు. వసూలైన రద్దు రుసుములో పనివాళ్ల వాటా ఎంతో కూడా రాయాలి. అది మన జేబులోనే ఆగిపోతే ఆ షరతుకు అర్థం లేదు.

మన వైపు నుంచి నాగా పడితే: డబ్బు వెనక్కి ఇవ్వడమా, ఇంకో రోజు చేసివ్వడమా? ఇంకో రోజు చేసివ్వడం మనకు తేలిక, కానీ నెల ఆఖరుకు బాకీ రోజులు పేరుకుపోయి ఆదివారాలు కూడా పనివాళ్లను లాగాల్సి వస్తుంది. వారం లోపు వేరే రోజు కుదిరితే చేయడం, లేకపోతే ఆ పూట డబ్బు తగ్గించేయడం, ఈ రెండూ కలిపి రాసుకోండి. పనామెకు నెలకు ఒక రోజు జీతంతో సెలవు, జ్వరం వస్తే ఇంకో రోజు ఇస్తే నాగాలు తగ్గుతాయి. ముందే చెప్పి సెలవు పెట్టే వీలుంటే ఎవరూ ఫోన్ ఆపేసి కూర్చోరు.

పండగల గురించి ఏడాది మొదట్లోనే రెండు వైపులా చెప్పేయండి. ఇక్కడ రెండు క్యాలెండర్లు నడుస్తాయి. జూన్ మధ్యలో రజో పండగ మూడు రోజులు ఒడియా ఆడవాళ్లు ఇంటిపనికి దూరంగా ఉంటారు, ఆ మూడు రోజులూ సెలవే. సంక్రాంతికి తెలుగు పనివాళ్లు సరిహద్దు దాటి సొంతూళ్లకు వెళ్తారు. బరంపురంలో రెండేళ్లకొకసారి ఠాకురాణి జాతర జరిగేటప్పుడు సాయంత్రాలు పాత టౌన్ వైపు పని పెట్టుకోకపోవడమే మంచిది. వీటికి ఎదురుగా మార్గశిరం ఉంది. ఒడియా ఇళ్లలోనూ తెలుగు ఇళ్లలోనూ లక్ష్మివారం (గురువారం) పూజ, అందుకని ముందురోజు బుధవారం అందరికీ క్లీనింగ్ కావాలి. దసరాకీ దీపావళికీ అంతే. ఆ రోజుల్లో పనివాళ్ల ఇళ్లలోనూ పండగే, వాళ్లకూ ఇల్లు దులుపుకోవడం ఉంటుంది. మార్గశిర బుధవారాలకూ దీపావళి ముందు వారానికీ ఇంటివాళ్ల దగ్గర పావు వంతు ఎక్కువ తీసుకుని, ఆ ఎక్కువంతా పనివాళ్లకే ఇవ్వండి. మా దగ్గర ఆ పద్ధతి పెట్టాక ఎవరూ ఆ వారాల్లో సెలవడగలేదు.

సామాను ఎవరిది, పగిలితే ఎవరిది

మాప్, బకెట్, లిక్విడ్లు ఇంటివాళ్లవి వాడితే ఖర్చు తగ్గుతుంది, ఒక ఇంటి బాత్రూం గుడ్డ ఇంకో ఇంటి వంటగదిలోకి వెళ్లదు. మనం తెచ్చుకుంటే పని ఒకే తీరుగా ఉంటుంది, ఏ సీసాలో ఏముందో మనవాళ్లకు తెలుస్తుంది. వారపు ఇళ్లకు మాప్, చీపురు ఇంటివాళ్లవి, లిక్విడ్లు మనవి. పెద్ద క్లీనింగులకు అన్నీ మనవే. ఎందుకు లిక్విడ్లు మనవి అంటున్నానంటే, పాత ఫినాయిల్ సీసాలో యాసిడ్ పోసి పెట్టే ఇళ్లు బోలెడు. బ్లీచింగ్ ఉన్న లిక్విడ్, హార్పిక్ లాంటి యాసిడ్ క్లీనర్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. కిటికీ లేని బాత్రూంలో అది ప్రాణం మీదకి తెస్తుంది. 'ఒకేసారి రెండు లిక్విడ్లు వాడకూడదు, పేరు లేని సీసా ముట్టకూడదు' అని పనివాళ్ల కాగితంలో పెద్ద అక్షరాలతో రాయండి. యాసిడ్ మార్బుల్‌ని తినేస్తుంది కాబట్టి మార్బుల్ ఇళ్లలో యాసిడ్ వాడబోమని ఇంటివాళ్ల కాగితంలోనూ ఉండాలి.

పగిలిన వస్తువుల విషయంలో మూడు దారులున్నాయి. ఇంటివాళ్లే భరించాలి అనడం, పనామె జీతంలో కోయడం, సర్వీసు భరించడం. మొదటిది పెడితే ఎవరూ పిలవరు. రెండోది మన ఊళ్లలో చాలామంది చేసేది, నాకు బొత్తిగా నచ్చనిది. ఫ్రిజ్ లోపలి చల్లటి గాజు పలకను తీసి వేడినీళ్ల కింద పెడితే ఠప్పున పగులుతుంది. దాని ఖరీదు ఆమె మూడు రోజుల కూలీ కావచ్చు. గాజు చల్లదనం పోయాక కడగాలని ఆమెకు ఎవరైనా చెప్పారా? చెప్పకుండా కోస్తే న్యాయం కాదు, చట్టం కూడా ఒప్పదు. నిర్లక్ష్యం వల్లే నష్టం జరిగిందని తేలాలి, ఆమె సంజాయిషీ వినాలి, అప్పుడే కోయొచ్చు. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు.

మూడోది ఎంచుకోండి, ఒక హద్దుతో. ఒక్కో ఇంటికి ఒక్కోసారి రెండు వేల వరకు సర్వీసు భరిస్తుంది, అదే రోజు లేదా మర్నాడు ఫోటోతో చెప్పాలి, అంతకన్నా విలువైనవి, వెండి సామాను, దేవుడి విగ్రహాలు, పింగాణీ బొమ్మలు ఇంటివాళ్లు ముందే పక్కన పెట్టాలి. నెలకు ఒక్కో ఇంటి బిల్లులోంచి 20, 30 రూపాయలు పక్కన వేస్తూ వస్తే ఈ ఖర్చు భారమనిపించదు.

నగలు పోయాయన్న మాట వస్తే ఏం చేయాలో కూడా ముందే ఉండాలి. సంచీ వెతకడం, ఆమెను గదిలో కూర్చోబెట్టి నిలదీయడం ఇంటివాళ్లు చేయకూడదు. వెంటనే మనకు ఫోన్ చేయాలి, మనం వెళ్లాలి, ఇంకా అనుమానముంటే పోలీసులకు ఫిర్యాదు. పనిలో చేర్చుకునేటప్పుడే పోలీసు వెరిఫికేషన్ చేయిస్తే ఇంటివాళ్లకు ధీమా, పనివాళ్లకు రక్షణ.

పనివాళ్లను ఇంటివాళ్లు తీసేసుకుంటే

ఈ భయం అందరికీ ఉంటుంది. నాలుగు వారాలు వెళ్లాక ఇంటివాళ్లు పనామెతో 'వాళ్లకెందుకమ్మా, నేరుగా నువ్వే వచ్చెయ్' అంటారు. దీనికి రెండు మందులు వాడతారు. 'మానేశాక ఏడాది వరకు ఆ ఇళ్లలో పని చేయకూడదు' అని పనామె చేత సంతకం పెట్టించుకోవడం ఒకటి. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 27వ సెక్షన్ ప్రకారం ఉద్యోగం మానేశాక మనిషి బతుకుతెరువుకు అడ్డం పడే ఒప్పందం చెల్లదు. కోర్టులో నిలవని కాగితంతో చదువు రాని మనిషిని బెదిరించడమే అవుతుంది అది.

రెండోది ఇంటివాళ్లతో పెట్టుకునేది. మనం పంపిన మనిషిని నేరుగా పెట్టుకోవాలనుకుంటే ట్రైనింగ్, వెరిఫికేషన్ ఖర్చు కింద ఒక నెల బిల్లుకు సమానమైన మొత్తం కట్టాలి. ఇది ఎంచుకోండి. మొత్తం సబబుగా ఉండాలి, జరిమానాలా భయపెట్టేట్టు ఉంటే అదీ నిలవదు. ఆమెకు అక్కడ మంచి జీతం వస్తుంటే సంతోషంగా పంపించండి. మంచి జీతం, సెలవు, బీమా, పండగ డబ్బు ఇచ్చే చోటును వదిలి ఒక్క ఇంటి దయ మీద ఆధారపడడానికి ఎక్కువమంది వెళ్లరు.

మర్యాద కూడా షరతే

తాగడానికి నీళ్లు ఇవ్వాలి. బాత్రూం వాడుకోనివ్వాలి. కులం అడగకూడదు. ఇవి మాటల్లో చెబితే సరిపోదు, ఇంటివాళ్ల కాగితంలో ఉండాలి. రెండు గంటలు బాత్రూం తోమిన మనిషిని అదే బాత్రూం వాడుకోవద్దనే ఇళ్లున్నాయి. కొందరు పంపే ముందే 'ఏ కులం వాళ్లని పంపిస్తారు' అని అడుగుతారు. అలాంటి బుకింగ్ వదులుకోండి. దేవుడి గది శుభ్రం చేయించుకోవడం ఇష్టం లేకపోతే ఆ గదిని జాబితాలోంచి తీసేయమనండి, అందరికీ అదే రూలుగా.

మగవాళ్లు ఒక్కరే ఉండే ఇంటికి ఇద్దరిని పంపండి, ఆ అదనపు ఖర్చు రేటులో పెట్టండి. ఇబ్బంది అనిపించిన క్షణాన పని వదిలేసి వచ్చేయొచ్చు, ఆ పూట కూలీ పోదు అని పనివాళ్ల కాగితంలో రాసి, చదివి వినిపించండి. లైంగిక వేధింపుల 2013 చట్టం ఇంటిపనివాళ్లకూ వర్తిస్తుంది. పదిమంది కన్నా తక్కువ ఉన్న చోట జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు.

ఎండాకాలం పని వేళలు మార్చండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఏడు నుంచి పదకొండు, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాత. మధ్యాహ్నం ఉక్కలో మేడ మీద ట్యాంకు కడిగించడం వద్దు.

కాగితం, రిజిస్ట్రేషన్లు

ఒకే పేజీలో రాయండి. ఇంటివాళ్లకు తెలుగులోనో ఒడియాలోనో వాళ్లు అడిగినట్టు. పనివాళ్లది వాళ్లు మాట్లాడే భాషలో రాసి చదివి వినిపించి, చదివినట్టు ఇంకొకరి చేత సాక్షి సంతకం పెట్టించండి. చదవడం రానివాళ్లకు అదే మాటలు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వింటారు.

ఏడాదికి 20 లక్షల బిల్లులు దాటేదాకా సేవలకు జీఎస్టీ అక్కర్లేదు. ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు, ఉచితం, చేసుకోండి. పదిమంది పనివాళ్లు చేరితే ఈఎస్ఐ, ఇరవై మంది చేరితే పీఎఫ్ వస్తాయి. ఈఎస్ఐకి మన వాటా జీతంలో 3.25 శాతం, పనివాళ్ల వాటా 0.75 శాతం. ఎనిమిదో మనిషిని తీసుకునేటప్పుడే ఈ ఖర్చును రేటులో కలపడం మొదలుపెట్టండి. అప్పటిదాకా 16 నుంచి 59 ఏళ్లవాళ్లందరికీ అసంఘటిత కార్మికుల ఈ-శ్రమ్ కార్డు తీయించండి, ఖర్చేమీ లేదు. 40 లోపు వాళ్లయితే శ్రమ్ యోగి మాన్‌ధన్ పింఛను సంగతి చెప్పండి. వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే అంతే మొత్తం కేంద్రం వేస్తుంది, 60 దాటాక నెలకు 3,000. పనిలోకి మాత్రం 18 నిండినవాళ్లనే తీసుకోండి. అమ్మతో పాటు సాయానికి వచ్చే పిల్లలను కూడా ఇళ్లలోకి పంపొద్దు.

రేటు పెంచే రోజు కూడా కాగితంలో ఉండాలి. కొందరు ఏడాదికొకసారి జనవరిలో పెంచుతారు. నేనైతే ఏప్రిల్ ఎంచుకుంటాను. అప్పుడే కనీస వేతనం డీఏ మారుతుంది కాబట్టి పనివాళ్లకు ఎంత పెంచుతున్నామో, అందుకు ఇంటి బిల్లు ఎంత పెరుగుతుందో ఒకే మెసేజ్‌లో చెప్పొచ్చు. ఆ మెసేజ్ మార్చి మొదటి వారంలో వెళ్లిపోవాలి. నచ్చనివాళ్లకు మానుకోవడానికి నెల టైమ్ ఉంటుంది, ఆ ఖాళీలో ఇంకో ఇల్లు వెతుక్కోవడానికి మనకూ అంతే టైమ్ ఉంటుంది.